శివరాత్రి లేని క్యాలెండర్

నంద్యాల
జనవరి 4

అన్నకు,

క్షేమ సమాచారాలు అడగడం లేదు. క్యాలెండర్ చూశాక నువ్వు క్షేమంగానే ఉన్నావని, రాత్రిళ్లు నిద్ర కూడా బాగానే పడుతోందని అర్థమైంది. బాగాలేనిది నేనే.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకంటావేమో. ఫోన్లో నేను ఒక మాట అంటే నువ్వు పాఠం మొదలుపెడతావు, నేను ఠక్కున పెట్టేస్తాను, ఆ తర్వాత ఇద్దరం మూతులు ముడుచుకుని కూర్చుంటాం. కాగితం మీదైతే నువ్వు మధ్యలో అడ్డం రాలేవు. అంగడి సరుకు వేసుకుని ఆళ్లగడ్డ వచ్చే మహేష్ చేతికి ఇస్తున్నాను. జవాబు కూడా అతనికే ఇవ్వు.

నాయన ఉన్నన్నాళ్లు మన పాత్రల అంగడి క్యాలెండర్ ఎట్లా ఉండేదో నువ్వు మరిచిపోయినట్టున్నావు, గుర్తు చేస్తాను. డిసెంబరు వచ్చేసరికి పంచాంగం ముందు పెట్టుకుని గళ్ల కాగితం మీద ఏడాదంతా తానే రాసేవాడు. అమావాస్య, పౌర్ణమి, ఏకాదశి, మహానంది తిరునాళ్ల, అహోబిలం ఉత్సవాలు. జనం క్యాలెండర్ చుట్టుకుని ఊరికే పోయేవాళ్లు కాదు. తమ ఇంట్లో పెద్దలు ఏ తిథికి పోయారో చెప్పేవాళ్లు. ఆ తిథి ఈ ఏడు ఏ తేదీకి పడిందో చూసి నాయన ఎర్ర పెన్సిల్‌తో చుట్టు గీసి ఇచ్చేవాడు. తద్దినం ఎప్పుడో తెలుసుకోవడానికి బండి ఆత్మకూరు నుంచీ, డోన్ నుంచీ మన అంగడికి వచ్చేవాళ్లు. వచ్చినవాళ్లు మొహమాటానికైనా ఒక బిందెకో గిన్నెకో బేరమాడి పోయేవాళ్లు.

నాయన పోయాక ఇది మొదటి క్యాలెండర్. పెద్ద కొడుకువి, ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరైనవాడివి, ఆ పని నీ చేతికి ఇస్తే నాయనకు మర్యాదగా ఉంటుందని నేనే అనుకున్నాను. నేరుగా ప్రెస్సుకు పంపుతానన్నావు, సరే అన్నాను. కట్టలు విప్పేదాకా నేను చూడలేదు.

పైన ఏటా కన్యకాపరమేశ్వరి అమ్మవారు ఉండే చోట శని! గుండ్రంగా, నిగనిగలాడుతూ, చుట్టూ వలయాలతో శనిగ్రహం! శివమ్మ తెలుసు కదా, బండి ఆత్మకూరు నుంచి వచ్చే ముసలామె, ఆమె మరునాడే వెనక్కి తెచ్చింది. "ఏందమ్మా ఇది? అందురూ శని పోవాలని గుళ్లు తిరుగుతాంటే, మీరు ఏడాదంతా వంటింట్లో తగిలించుకోమంటాండారా?" అని నలుగురు వింటుండగా అడిగింది.

సరే, బొమ్మ పోనీ. లోపల ఏముంది? జనవరి 25 రథసప్తమి. ఆ గడిలో లాగ్రాంజ్ జయంతి అని ఉంది. ఈ లాగ్రాంజ్ ఎవరు, మనకేమవుతాడు? ఈ రోజు గడిలో న్యూటన్ జయంతి, డిసెంబరు 25 గడిలో మళ్లీ న్యూటన్ జయంతి. ఆయన ఎన్నిసార్లు పుట్టాడు? ఇక ఫిబ్రవరి 15. గెలీలియో జయంతి, పక్కన గోరంత గడ్డం బొమ్మ. ఆ రోజు మహాశివరాత్రి అన్నా! మహానంది కూతవేటు దూరంలో ఉన్న ఊళ్లో, శ్రీశైలానికి నడిచిపోయే జనం మధ్య, శివరాత్రి లేని క్యాలెండర్ పంచిన అంగడి మనదొక్కటే. "శివరాత్రి యాడ పోయిందక్కా? ఈ గడ్డపాయన ఎవురు?" అని మహేషే అడుగుతున్నాడు.

క్యాలెండర్లు సగానికి పైగా పంచేశాం. ఇప్పుడు నన్ను ఏం చేయమంటావో చెప్పు.

వాసవి

ఆళ్లగడ్డ
జనవరి 8

కోపిష్టి చెల్లెలికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి భయపడుతూ, రెండోసారి పక్కన మార్కులు వేస్తూ. ధాటికి మంచి మార్కులే వచ్చాయి.

ఒక్కొక్కటే చెప్తాను. గళ్లు చిన్నవి. గడికి ఒక్క లైనే పడుతుందన్నాడు ప్రెస్సాయన. ఒక్క లైనే ఉన్నప్పుడు జనానికి తెలిసింది రాయాలా, తెలియనిది రాయాలా? శివరాత్రి ఎప్పుడో చెప్పడానికి క్యాలెండరే కావాలా? నంద్యాలలో మైకులు నిద్రపోనిస్తాయా? గెలీలియో సంగతి మాత్రం మైకులో ఎవరూ చెప్పరు. గురుగ్రహం చుట్టూ చంద్రులు తిరగడం ఆయన కళ్లారా చూసి, భూమి కూడా సూర్యుడి చుట్టూ తిరుగుతోందని చెప్తే ముసలితనంలో ఇంట్లో బంధించారు. అట్లాంటి మనిషికి ఏడాదిలో ఒక్క రోజు ఇవ్వలేమా?

లాగ్రాంజ్ అంటావా, మన దేశం సూర్యుణ్ని చూడడానికి పంపిన ఆదిత్య ఉపగ్రహం నిలబడి ఉన్నది ఆయన లెక్క కట్టి చూపించిన చోటే. రథసప్తమి సూర్యుడి పండగ. ఇంతకన్నా సరైన పేరు ఆ గడికి దొరుకుతుందా? ఆగస్టు 18 కూడా చూడు. 1868లో ఆ రోజు గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణం చూస్తుంటే సూర్యుడిలో ఒక కొత్త వాయువు జాడ దొరికింది. హీలియం. భూమి మీద అది దొరకడానికి ఆ తర్వాత చాలా ఏళ్లు పట్టింది. మన గుంటూరులో జరిగిన ఈ సంగతి నంద్యాలలో ఎంతమందికి తెలుసో మీ అంగడి ముందు నిలబడి అడిగి చూడు.

శని గురించి. నా ఎరుకలో ఆకాశంలో అంతకన్నా అందమైన బొమ్మ లేదు. ఒకసారి నాయనను మిద్దె ఎక్కించి నా టెలిస్కోపులో చూపించాను. చాలాసేపు కన్ను తీయలేదు. "ఇంత సక్కగుండాడు కదరా, వీనికి అంత చెడ్డ పేరు ఎట్లొచ్చె?" అన్నాడు. ఆ మాట కోసమే ఆ బొమ్మ వేశాను. శివమ్మకు ఇది చెప్పు.

ఇక పంచినవి పంచేశావు, మిగిలినవి కూడా పంచు. అమావాస్య ఎప్పుడో తెలియకపోతే తల ఎత్తి చూసుకోమను.

నీ అన్న
ఫణీంద్ర

నంద్యాల
జనవరి 13

మహారాజశ్రీ లెక్చరర్ గారికి,

తల ఎత్తి చూసుకోమన్న మాట నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే అంగడి ఎత్తేసుకుని నేనూ ఆళ్లగడ్డ రావాల్సి ఉంటుంది.

నువ్వు రాసినదంతా చదివి ఒకటే నిర్ణయానికి వచ్చాను. ఇక మీదట తద్దినం తేదీ అడిగిన ప్రతి ఒక్కరికీ నీ చిరునామా ఇస్తాను. ఇచ్చాను కూడా. "మా అన్న చాలా చదువుకున్నాడు, గ్రహాల లెక్కలన్నీ ఆయన దగ్గరే ఉన్నాయి, ఆళ్లగడ్డలో బస్సు దిగి ఎవరిని అడిగినా ఇల్లు చూపిస్తారు" అని చెప్పి పంపుతున్నాను. శివమ్మ కూడా వస్తుంది. ఆమెతో జాగ్రత్త. వదినకు చెప్పు, టీలు పెట్టడానికి పాలు ఎక్కువ పోయించుకోమని.

ఊరంతా పిండి దంచుతోంది, అరిసెల వాసన వీధి దాకా వస్తోంది. ఏడాది మైల కాబట్టి మనింట్లో ఏ పండగా లేదు. ముగ్గు కూడా వేయలేదు. చేతిలో పని లేక ఇంత పొడుగు రాస్తున్నాను.

ఇప్పుడు అసలు విషయం. నాయన పోయింది ఫాల్గుణ పౌర్ణమి. పోయిన ఏడు అది మార్చి 14న వచ్చింది, ఈ ఏడు మార్చి 3న వస్తోంది. ఆ రోజు సంవత్సరీకం. పెద్ద కర్మ అయ్యాక నువ్వు ఈ గడప తొక్కలేదు. నెలనెలా మాసికానికి పిలిచాను, ఒకసారి జ్వరం అన్నావు, ఒకసారి సైన్స్ క్లబ్ అన్నావు, ఆ తర్వాత కారణం చెప్పడం కూడా మానేశావు. వాటిని నేను మింగాను. ఇది మింగను. కొడుకు లేకుండా సంవత్సరీకం పెట్టుకోవడానికి మనకేం ఖర్మ? మూడో తేదీ పొద్దున్నే వస్తున్నానని ఒక్క ముక్క రాయి. వేరే ఏమీ రాయక్కర్లేదు.

వాసవి

ఆళ్లగడ్డ
జనవరి 22

వాసవికి,

నువ్వు మనిషివా, చెల్లెలివా? పొద్దున ముఖం కడుక్కోకముందే అరుగు మీద జనం. ఒకాయన పగిడ్యాల నుంచి వచ్చాడు. తండ్రిదీ, తల్లిదీ, పెదనాయనదీ మూడు తిథులు చెప్పి, నేను లెక్క చూస్తుంటే, పనిలో పనిగా వాళ్ల గేదె ఎప్పుడు ఈనుతుందో కూడా చెప్పమన్నాడు. నేను జ్యోతిష్కుణ్ని కాదయ్యా అంటే, "శని బొమ్మ ఏసినారు కదా సారూ" అన్నాడు. సుకన్య లోపల నుంచి నవ్వుతూనే ఉంది. మీ వదిన ఇంతగా నవ్వి చాలా రోజులైంది, అది వేరే విషయం.

తిథి అంటే పెద్ద విద్యేమీ కాదు. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య పన్నెండు డిగ్రీలు పెరిగితే ఒక తిథి. వచ్చినవాళ్లందరికీ ఇది చెప్పాను. ఒక్కరూ వినలేదు. తేదీ చెప్పమన్నారు, చెప్పాను, పోయారు.

మొన్న శివమ్మ వచ్చింది. క్యాలెండర్ నా ఒళ్లో పడేసి, మొగుడి తద్దినానికి చుట్టు గీయమంది. ఏ తిథి అంటే తెలియదు. "మీ నాయన ఉన్నన్నాళ్లు నేను ఏంటికి గుర్తు పెట్టుకోవాల? ఆయప్పే సుట్టు గీసిస్తాండె" అంది. పోయిన ఏటి క్యాలెండర్ తెమ్మంటే, పొయ్యిలో ఎప్పుడో కాలిపోయిందంది. సరే, ఏమి గుర్తుందో అదే చెప్పమన్నాను.

శనగ పీకే కాలమంది. కట్టె కాలుతుండగా మగవాళ్లు వెనక్కి వచ్చారట, ఈమె గుమ్మంలో నిలబడి ఉందట. "పొద్దు గుంకతాంది సారూ. తల ఎత్తితే నడినెత్తిన సగం చందమామ. సగమే. అది సూస్తా నిలబడితి, నాకు ఇంగేం గుర్తు ల్యా" అంది. నాకు ఒళ్లు జల్లుమంది వాసవీ. పొద్దుగూకేటప్పుడు సగం చంద్రుడు నడినెత్తిన ఉన్నాడంటే శుద్ధంలో అష్టమి దరిదాపులు. శనగ పీకే కాలమంటే మాఘం. సప్తమో, అష్టమో, నవమో తేలక నేను కాగితాలు నింపుతుంటే ఆమె తాపీగా టీ తాగి, "ముందు దినం నెత్తిన జిల్లేడాకులు పెట్టుకోని నీళ్లు పోసుకున్యాడు, నేనే పోస్తి" అంది. రథసప్తమి! ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదా తల్లీ అన్నాను. "రథసప్తమి యాడుందో నీ క్యాలండర్ల నువ్వే ఎతుకు" అంది.

జనవరి 26. చుట్టు గీసి ఇచ్చాను. అప్పుడు మళ్లీ తగువు. నేను ఎర్ర పెన్నుతో గీశానట, శెట్టి పెన్సిల్‌తో గీసేవాడట, పెన్నుతో గీసింది చెల్లదట. కాబట్టి గల్లాపెట్టెలో ఉండే నాయన పెన్సిల్ మహేష్ చేతికి ఇచ్చి పంపు. ఇంకా ఎంతమందిని పంపావో నీకే తెలియాలి.

మూడో తేదీ గురించి. నేను రాను. నాయన పోయింది మార్చి 14న. భూమి సూర్యుడి చుట్టూ తిరిగి మళ్లీ అదే చోటికి వచ్చేది మార్చి 14నే. ఏడాది అంటే అదీ. పైగా మూడున చంద్రగ్రహణం, పిల్లలకు చూపిస్తానని ఇక్కడి బడిలో ఒప్పుకున్నాను.

ఫణీంద్ర

నంద్యాల
ఫిబ్రవరి 17

అన్నకు,

శివరాత్రి జరిగింది. నీ క్యాలెండర్‌లో లేకపోయినా జరిగింది. ఎట్లాగో చెప్తాను విను. నేను, దివ్యశ్రీ కూర్చుని "మహాశివరాత్రి" అని చిన్న చిన్న స్టిక్కర్లు వేయించి, మిగిలిన క్యాలెండర్లలో ఒక్కో గెలీలియో మీద ఒక్కోటి అంటించాం. పట్టుకుపోయినవాళ్లు కూడా వెనక్కి తెచ్చి అంటించుకుని పోయారు. అంటిస్తూ అంటిస్తూ నా కూతురు ఫోన్లో ఏదో చూసి, "అమ్మా, న్యూటన్‌కి మామ రెండు పుట్టినరోజులు ఎందుకు వేశాడో తెలుసా?" అంది. ఆయన పుట్టినప్పుడు ఇంగ్లండులో పాత లెక్క, పక్క దేశాల్లో కొత్త లెక్కట. పాత లెక్కకు డిసెంబరు 25, కొత్త లెక్కకు జనవరి 4. నువ్వు రెండూ వేశావు. బాగుంది. మరి గెలీలియో కూడా పాత లెక్కలో పుట్టినవాడే కదా, ఆయనకు కొత్త లెక్క ఎందుకు కట్టలేదు? కడితే ఫిబ్రవరి 25 వస్తుందట! అంటే ఆయనను పది రోజులు జరిపి ఉంటే ఆ గడి శివుడికి మిగిలేది. ఉత్తపుణ్యానికి నా ప్రాణం తీశావు.

ఇప్పుడు నేను అడిగేదానికి జవాబు చెప్పు. నీ న్యూటన్‌కు రెండు రోజులు ఉండొచ్చు. మన నాయనకు ఉండకూడదా? భూమి అదే చోటికి వచ్చేది మార్చి 14న అన్నావు, ఒప్పుకున్నాను. చంద్రుడు ఆ పొద్దున ఎట్లా ఉన్నాడో మళ్లీ అట్లా వచ్చేది మార్చి 3న. శివమ్మ మొగుడికి సగం చంద్రుణ్ని పట్టుకుని కాగితాలు కాగితాలు లెక్క కట్టావు, ఒళ్లు జల్లుమందని రాశావు. ఆమె మొగుడికి పనికొచ్చిన చంద్రుడు నీ నాయనకు పనికిరాడా?

మధ్యలో మన పురోహితుడి గొడవొకటి. నిన్న వచ్చి, "గ్రహణం నాడు పొయ్యి ఎలిగించకూడదమ్మా, చంద్రుడు గ్రహణంతోనే పుడతాండాడు" అన్నాడు. బియ్యం, కూరగాయలు పచ్చివే దానం ఇచ్చి తంతు జరిపి, భోజనాలు మరునాడు పెట్టుకోవాలట. తిథికి ఇటు నువ్వు, అటు ఆయన, మధ్యలో గ్రహణం. నా ఒక్క తలకాయ మీద ఎంతమంది ఎక్కుతారు?

పెన్సిల్ పంపను. గల్లాపెట్టెలోనే ఉంది. మూడో తేదీ వచ్చి నీ చేత్తో తీసుకో.

వాసవి

ఆళ్లగడ్డ
ఫిబ్రవరి 20

వాసవికి,

గెలీలియో విషయంలో నువ్వు చెప్పింది నిజమే. దివ్యశ్రీకి నూటికి నూరు వేశాను. ఆ అమ్మాయి ఫిజిక్స్ తీసుకుని ఉండాల్సింది, మీరు వినలేదు.

పురోహితుడి సంగతి చదివి నవ్వాగలేదు. తిథి తిథి అని నువ్వు నన్ను ఇన్నాళ్లు సాధించావు, చివరికి చంద్రుడే నా వైపు వచ్చాడు. మూడున అన్నం ఎట్లాగూ పెట్టలేరు. పద్నాలుగున వస్తాను. నువ్వు వండింది తింటాను, సాయంత్రం బస్సుకు వెళ్లిపోతాను. దర్భలు, పిండాలు, పేర్లు చదవడాలు నా వల్ల కాదు. మూడున బడి పిల్లలు ఎదురుచూస్తారు.

పెన్సిల్ పంపు. నిన్న కూడా నలుగురు వచ్చారు.

ఫణీంద్ర

నంద్యాల
ఫిబ్రవరి 23

అన్నా,

పద్నాలుగున వస్తానన్నావని కోపంతో ఆ గడి చూడ్డానికి క్యాలెండర్ తిప్పాను. ఇన్నాళ్లు నా కళ్లు ఏమైపోయాయో తెలియదు. జనవరి, ఫిబ్రవరి దగ్గరే తిట్టుకుంటూ ఆగిపోయాను, మార్చి దాకా రాలేదు.

ఆ గడిలో ఏమీ లేదు.

దివ్యశ్రీని పిలిచి, మార్చి 14న ఎవరూ పుట్టలేదా అని అడిగాను. "ఐన్‌స్టీన్ పుట్టాడమ్మా, అది తెలియనివాళ్లు ఉండరు, మామ ఎట్లా మరిచిపోయాడు?" అంది. నువ్వు మరిచిపోతావా? లాగ్రాంజ్‌ను గుర్తు పెట్టుకున్నవాడివి ఐన్‌స్టీన్‌ను మరిచిపోతావా? శివుణ్ని తీసేయడానికి వెనకాడని మనిషివి, ఐన్‌స్టీన్ పేరు మాత్రం ఎందుకు రాయలేదు?

మూడో తేదీకి ఎందుకు రావో ఇప్పుడైనా సరిగ్గా చెప్పు. భూమి, సూర్యుడు, బడి పిల్లలు, ఇవన్నీ వద్దు. నాకు సగం అర్థమైంది, మిగతా సగం నీ నోటితో విన్నాక తిట్టాలో ఏడవాలో తేల్చుకుంటాను. ఇంటి నిండా నాయన ఉన్నాడు అన్నా. బీరువా తెరిస్తే ఆయన నశ్యం వాసన. అంగట్లో ఆయన స్టూలు మీద ఇంకా ఎవ్వరినీ కూర్చోనివ్వడం లేదు. ఏడాది నుంచి ఇదంతా నేను ఒక్కదాన్నే మోస్తున్నాను. నీకు కోపం తెప్పించడానికైనా సరే, ఉత్తరాలు రాస్తూ ఉంటే నువ్వు జవాబు రాస్తావని రాస్తున్నాను.

వాసవి

ఆళ్లగడ్డ
ఫిబ్రవరి 27

అమ్మీ వాసవీ,

పాఠం చెప్పను.

డిసెంబరులో నాయన పంచాంగం, గళ్ల కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. నిజంగా పద్ధతి ప్రకారమే రాద్దామనుకున్నాను. జనవరిలో సంక్రాంతి అని రాయబోయాను. ఈ ఏడు మనకి లేదు కదా అనిపించింది. రథసప్తమికి వచ్చాను, అదీ లేదు. శివరాత్రికి వచ్చాను. నాయన పోయిన ఏడు, నాయన క్యాలెండర్‌లో, నా చేత్తో పండగలు రాయడానికి చెయ్యి రాలేదు. మైల, సూతకం నేను నమ్మనని నీకు తెలుసు. నమ్మకపోయినా చెయ్యి రాలేదు. ఖాళీ గళ్లు పంపితే నువ్వు ఊరుకోవు. అందుకని నాకు కంఠతా వచ్చినవి ఒక్కొక్కటే నింపాను. మార్చి 14 దగ్గర ఐన్‌స్టీన్ పేరు రాశాను. చూశాను. కొట్టేశాను. ఆ రోజు మీద ఇంకొకరి పేరు చూడలేకపోయాను, ఎంత పెద్దవాడైనా సరే.

సంవత్సరీకం పెడితే ఏడాది అయిపోయిందని అందరం ఒప్పుకున్నట్టు. తర్వాత ఉగాదికి నువ్వు గుమ్మానికి మామిడాకులు కడతావు, కట్టాలి కూడా. నాకు ఇంకా అంత దూరం నడవడానికి కాళ్లు రావడం లేదు. ఆ స్టూలు ఖాళీగా ఉంటుందని తెలిసే మాసికాలకు రాలేదు. జ్వరం అబద్ధం.

నువ్వు ఒక్కదానివే మోస్తున్నావన్న మాట చదివాక ఇక ఇక్కడ కూర్చోలేకపోతున్నాను. మూడో తేదీ మొదటి బస్సుకు వస్తున్నాను, సుకన్య కూడా వస్తుంది. నాయన పంచె ఒకటి ఉతికించి పెట్టు. టెలిస్కోపు కూడా తెస్తాను. బడి పిల్లలకు గ్రహణం ఎట్లా చూడాలో వాళ్ల సైన్స్ టీచర్‌కు నేర్పించాను.

అన్న

నంద్యాల
మార్చి 14

అన్నకు,

ఈసారి క్షేమమా అని అడుగుతున్నాను. మిద్దె మెట్లు దిగేటప్పుడు మెలికపడిన కాలు ఎట్లా ఉంది? టెలిస్కోపు నేను పట్టుకుంటానంటే వినలేదు, అనుభవించు.

నువ్వు వెళ్లినప్పటి నుంచి ఒక మాట అనాలని ఉంది, ఎదురుగా అనలేకపోయాను. నీ మైల నువ్వు ఉంచుకోక నంద్యాల అంతటికీ అంటించావన్నమాట! ఊరందరి పండగలు ఎత్తేశావు! మొదటే చెప్పి ఉంటే ఇన్ని తిట్లు తిట్టేదాన్ని కాదు. సగమే తిట్టేదాన్ని.

ఆ రోజు పురోహితుడు పేర్లు చదవమన్నప్పుడు నాయన పేరు దగ్గర నువ్వు ఆగిపోయావు. ఆయన మంత్రం ఆపి, నీకు మాట వచ్చేదాకా కూర్చున్నాడు. నీకు కనపడలేదు, ఆయన కూడా కళ్లు తుడుచుకున్నాడు. సాయంత్రం నీ గ్రహణం నల్లమల కొండల మీదికి వచ్చేసరికి ఒక అంచు మాత్రమే మిగిలి ఉంది. గ్రహణంలో బయటికి రాకూడదని నన్ను పెంచారు, అయినా వచ్చి చూశాను. పోయిన ఏడు ఆ పొద్దున నుంచి చంద్రుణ్ని నేను సరిగ్గా చూడలేదు.

నువ్వు పెన్సిల్ మరిచిపోయి వెళ్లావు. దాని కోసమే కదా ఇన్ని ఉత్తరాలు రాశావు, చివరికి గల్లాపెట్టె మీద పెట్టేసి పోయావని విసుక్కున్నాను. ఈ రోజు మహేష్‌కు ఇచ్చి పంపుదామని తీశాను. అప్పుడే శివమ్మ ఇడ్లీ గిన్నె కోసం వచ్చింది. గోడ మీద క్యాలెండర్ చూసి, "ఈ దినం ఏమీ రాయల్యాదేందమ్మా?" అంది.

"మా నాయన పోయిన రోజు" అన్నాను.

"మొన్న పున్నానికి పెడితిరి కదా?"

"అది తిథి. ఇది మా అన్న లెక్క."

"రెండు దినాలు తల్సుకుంటే ఆయప్పకేమన్నా బరువా? చేతిలో పెన్సిల్ పెట్టుకోని సూస్తాండావేంది, గీయి" అంది.

అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్లలో ఆ పెన్సిల్ నేను ఎప్పుడూ ముట్టుకోలేదు. నువ్వు మరిచిపోలేదు కదూ? కావాలనే వదిలేసి పోయావు. అడిగితే కాదంటావు, అందుకని అడగను.

గీశాను అన్నా. నాయన స్టూలు ఎక్కి, గోడ మీది క్యాలెండర్‌లోనే గీశాను. చుట్టు వంకరగా వచ్చింది. శివమ్మ కింద నిలబడి చూసి, "శెట్టి గీసినట్లే ఉంది" అంది.

పెన్సిల్ పంపుతున్నాను. చాలా చిన్నదైపోయింది, డిసెంబరుకు జాగ్రత్తగా చెక్కి పెట్టుకో.

వాసవి